గోపాలపురం రేవులో ఎనిమిది రోజులు

వేసవి సెలవలు వచ్చాయంటే మా ఇంట్లో మొదలయ్యే మొదటి రభస "ఎక్కడికి?" అన్నది. ఊటీ అంటే మనకంటే ముందు లోకమంతా అక్కడ చేరి ఉంటుంది. అరకు మా విశాఖపట్నం వాళ్ళకి పెరటి మొక్క. పూరీ అంటే దర్శనం, తోపులాట, కాళ్ళు కాలే రాళ్ళు. మా ఆవిడా, మా అమ్మాయీ చెరో వైపు లాగుతూ ఉండగా, వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "గోపాలపురం తీసికెళ్ళు" అంది.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి నోరు తెరిచి ఫలానా ఊరు తీసికెళ్ళమని అడగడం నాకు తెలిసి అదే మొదలు. ఎందుకమ్మా అంటే "సముద్రం గాలి మంచిదిట" అంది. మా ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న సముద్రం గాలి ఏం పాపం చేసిందో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

గోపాలపురం అంటే ఒడిశాలో గంజాం జిల్లాలోది. ఇంగ్లీషువాళ్ళు తగిలించిన తోకతో సహా 'గోపాల్‌పూర్ ఆన్ సీ' అని పటాల్లో కనిపిస్తుంది. బరంపురం స్టేషన్లో దిగి, 16 కిలోమీటర్లు తూర్పుగా పోతే ఊరు, ఆ వెంటనే సముద్రం. విశాఖపట్నం నించి బరంపురానికి రైల్లో నాలుగైదు గంటలు. పగటి బండి ఎక్కండి. పలాస దాటిన దగ్గరనించీ ఎడమచేతి వైపు మహేంద్రగిరి మనతోపాటే వస్తూ ఉంటుంది, 1,500 మీటర్ల కొండ. కుడివైపు జీడితోటలు, కొబ్బరితోటలు. పలాస ప్లాటుఫారం మీద జీడిపప్పు, ఆ తరవాత ఎక్కడో తాటిముంజలు. మా అమ్మాయి రెండూ కలిపి తినేసి మధ్యాహ్నం భోజనం వద్దంది.

ఇచ్ఛాపురంతో ఆంధ్రదేశం అయిపోతుంది. అయిపోతుందని బోర్డులు చెబుతాయి గాని చెవులు ఒప్పుకోవు. బరంపురంలో రిక్షావాడూ, పళ్ళమ్మే మనిషీ, బట్టల కొట్టు గుమాస్తా, ముగ్గురూ మనల్ని ఒక్కసారి తేరిపార చూసి తెలుగులోకి దిగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. ఆనాడు జిల్లా రెండు ముక్కలై బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. రాష్ట్రపతి చేసిన వి.వి. గిరిగారు 1894లో పుట్టింది బరంపురంలోనే. మా అమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర పల్లె. బండి ఆ స్టేషన్లో ఆగినంతసేపూ ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని అటే చూస్తూ కూచుంది. అక్కడ ఇప్పుడు మా వాళ్ళెవరూ లేరు.

మా విడిది సముద్రానికి ఒక వీధి వెనక. దొరల కాలంనాటి పాత బంగళా. చుట్టూ వరండా, మనిషి ఎత్తు కిటికీలు, ముందు నాలుగు కొబ్బరిచెట్లు. ఒకప్పుడు కలకత్తా దొరలూ, తోటల యజమానులూ వేసవికి ఇక్కడ ఇలాంటి బంగళాలు కట్టుకునేవారు. 1914లో మాగ్లియోనీ అనే ఇటలీ పెద్దమనిషి సముద్రం ఒడ్డునే పెద్ద హోటలు పెట్టాడు. అది చేతులు మారి, పేరు మారి, ఇంకా నడుస్తూనే ఉంది. అందులో దిగాలంటే మన జేబు కూడా ఆ కాలంనాటి దొరల జేబులా ఉండాలి. మా బంగళాలో మొత్తం ఆరు గదులు. చూసుకునే ఆవిడ ఒడియా మనిషి, అరవై ఏళ్ళుంటాయి. అందరూ 'మావుసీ' అంటారు, పిన్ని అన్నమాట. మా అమ్మాయి గంటలో మావుసీ కొంగు పట్టుకు తిరగడం మొదలుపెట్టింది.

సముద్రానికి ఇంత దగ్గిర కాపురం పెడితే కొన్ని సంగతులు తెలిసొస్తాయి. పక్కమీద ఎంత దులిపినా ఇసక ఉంటుంది. ఉప్పుగాలికి కిటికీ బందులు తుప్పు పట్టి, తెరిస్తే మూసుకోవు, మూస్తే తెరుచుకోవు. ఉప్పు గాజుసీసాలో కూడా చెమర్చి ముద్దకడుతుంది. వేయించిన అప్పడం పళ్ళెంలోకి వచ్చి, మనం పప్పు కలుపుకునేలోగా మెత్తబడుతుంది. మా ఆవిడ మొదటిరోజు వీటన్నిటికీ జాబితా రాసింది. మూడోరోజుకి ఆ కాగితం గాలికి ఎటో పోయింది. తను వెతకలేదు.

మావుసీ వంట సంగతి చెప్పాలి. పొద్దున్న పూరీలో, ఇడ్లీలో. మధ్యాహ్నం దాల్మా, అంటే పప్పులో గుమ్మడి, వంకాయ, ములక్కాడ, అరిటికాయ పడేసి, చివర జీలకర్ర వేయించి పొడిచేసి చల్లుతారు. కారం తక్కువ. ఆకలి ఎక్కువ కనక పట్టించుకోలేదు. ఎండ బాగా ముదిరిన రోజున పొఖాళ పెట్టింది. పేరు కొత్తగాని మనిషి పాతే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న తినే మన చద్దన్నం. పక్కన వేయించిన చిన్నచేపలు, వడియాలు నలిపి ఉల్లిపాయతో కలిపిన పొడి. తిన్నాక మూడు గంటలపాటు ఇంట్లో ఒక్కరికీ స్పృహ లేదు. మందులషాపులో ఇలాంటి నిద్ర దొరకదు.

మేము వచ్చిన ఆటో కుర్రవాడు దారిలోనే మా కార్యక్రమం ఖాయం చేసేశాడు. ఒక పూట తంపర చెరువు, ఒక పూట తారాతారిణి కొండ, ఒకరోజు తప్తపాణి వేడినీళ్ళ బుగ్గ, ఒకరోజు రంభ వెళ్ళి చిలకసరస్సులో పడవ. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట చలికాలం చివర లక్షలకొద్దీ తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని కూడా చెప్పాడు. అది నిజమే, కొన్ని ఏళ్ళు మాత్రం అవి రావు. గుడ్లు పగిలి పిల్లలు సముద్రంలోకి పరిగెత్తే రోజులు మేము వెళ్ళేసరికి దాటిపోయాయి. మా ఆవిడ వేళ్ళు లెక్కపెట్టింది, ఎనిమిది రోజుల్లో అన్నీ పడతాయంది. నేను ఒక్కటే చెప్పాను, ఇక్కడికి వచ్చింది ఎక్కడికీ వెళ్ళకుండా ఉండడానికి. చిత్రం, మా అమ్మ కూడా నా పక్షమే. చివరికి ఒక్క సాయంత్రం దీపస్తంభం చూసి రావడంతో మా దేశాటనం పూర్తయింది. పైకెక్కితే ఒకవంక నీలంగా సముద్రం, ఒకవంక సరుగుడు తోటలు, మొగలి పొదలు. గంజాం మొగలిపూలకి పెట్టింది పేరు. వానాకాలంలో పూస్తే అత్తరు తీసేవాళ్ళు ఆ కాలువగట్లన్నీ గాలిస్తారట. మేము చూసిన కాలంలో ఆ పొదల్లో ముళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇక సముద్రం. మే నెలలో ఇక్కడ అయిదు దాటేసరికి సూర్యుడు నీళ్ళలోంచి లేచిపోతాడు. ఆ వేళకి ఒడ్డున ఉన్నారంటే ఎనిమిదిదాకా మీదే రాజ్యం. తరవాత ఇసక కాలుతుంది, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి గాని కాలు పెట్టలేరు. అయితే ఇది కాళ్ళు తడుపుకుని ఆడుకునే సముద్రం కాదు. ఒడ్డు నిటారుగా దిగుతుంది. మోకాలిలోతని నించుంటే తరవాతి అడుగు నడుంలోతు. కెరటం వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసకతోపాటు మనిషినీ లాగుతుంది. మొదటిరోజు మా అమ్మాయి రెండడుగులు ముందుకి వేసిందో లేదో, వెనకనించి ఒక గొంతు పిడుగులా పడింది.

"ఓలమ్మా! అటెలకు గుంటా! ఎనక్కి రా!"

తిరిగి చూస్తే గళ్ళ లుంగీ, తలకి తువ్వాలు, ఎండకి మాడిన కర్రలాంటి ముసలాయన. డెబ్భై ఏళ్ళు దాటి ఉంటాయి. ఇక్కడ వీళ్ళని 'నోళియా'లంటారు. వాడబలిజలు, జాలర్లు. తెలుగువాళ్ళు. తరాలకిందట శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనించి వల వెంబడి ఉత్తరానికి వచ్చి, గోపాలపురంలోనూ, పూరీలోనూ స్థిరపడ్డారు. బడిలో ఒడియా, బజార్లో ఒడియా, పడవ దగ్గరా పొయ్యి దగ్గరా తెలుగు. పూరీలో స్నానాలవాళ్ళ చెయ్యి పట్టుకుని ముంచి తీసేదీ, కొట్టుకుపోతున్న వాళ్ళని ఈడ్చుకొచ్చేదీ ఈ కులాలవాళ్ళే. మనం దేశం కాని దేశంలో నీళ్ళలో మునగబోతే మనల్ని పిలిచే గొంతు తెలుగులో ఉండడం కన్న ధైర్యం ఇంకేం కావాలి?

ఆయన ఆ రోజునించీ మాకు కాపలా. చెప్పకుండానే ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. పొద్దున్న మేము వెళ్ళేసరికి పడవ నీడన వల బాగుచేసుకుంటూ ఉండేవాడు. అది వేట లేని కాలం. ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే రోజులని, తూర్పుతీరంలో మరపడవలకి 61 రోజులు నిషేధం. మర లేని చిన్న సంప్రదాయపు పడవలకి మాత్రం మినహాయింపు. అంచేత ఒడ్డున విశ్రాంతి తీసుకుంటున్నది మేమే కాదు, పడవలు కూడా. అయితే మా విశ్రాంతికి జీతం వస్తుంది, వాళ్ళ విశ్రాంతికి పస్తు వస్తుంది. ప్రభుత్వం ఏదో సాయం చేస్తుంది గాని అది ఎప్పుడు చేతికొస్తుందో ఆయన వేళ్ళు తిప్పి చూపించాడు. ఆ రోజుల్లో తెల్లారుజామున దొరికే వంజరం, కానాగంతలు చిన్నపడవలవాళ్ళు తెచ్చినవే. మావుసీ ఒడ్డుకి వెళ్ళి బేరమాడి తెచ్చేది. నోళియా ఆడవాళ్ళతో మావుసీ ఒడియాలో తిడుతుంది, వాళ్ళు తెలుగులో తిడతారు, చేప ధర మధ్యలో ఎక్కడో తెగుతుంది.

సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళు వస్తారు. బరంపురం కుటుంబాలు, బఠాణీలు, ఐస్‌క్రీము, గుర్రం మీద పిల్లలు. ఆ సందడికి కాస్త పక్కగా నడిస్తే ఇసకలో సగం పూడిన పాత రాతి స్తంభాలూ, పైకప్పు లేని గోదాముల గోడలూ కనిపిస్తాయి. అలవాటు లేనివాళ్ళు వాటిమీద కూచుని ఫొటోలు తీసుకుంటారు. అయిదోరోజు సాయంత్రం మా అమ్మ అక్కడికి తీసికెళ్ళమంది. చెప్పులు చేత్తో పట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ఇసకలో అంత దూరమూ నడిచింది. ముసలాయన వెనకాలే వచ్చాడు.

"రంగం స్టీమరు ఎక్కడ ఆగేది నాయనా?" అని అడిగింది అమ్మ.

రంగం అంటే రంగూను. నేను తెల్లబోయాను. ఆయన మాత్రం ఆ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నట్టే చెయ్యెత్తి చూపించాడు.

"ఒడ్డుకి రాదు తల్లీ. అదుగో, ఆ కెరటాలకవతల నిలబడీది. మా తాత పడవ తోసీవోడు. మనుసుల్ని ఎక్కించి, కెరటం ఇరిగీలోగా దాటించి, స్టీమరు కాడ దించీవోరంట. ఆడోళ్ళు కళ్ళు మూసుకునీవోరంట."

నిజమే, ఇది లోతైన హార్బరు కాదు. స్టీమరు దూరాన లంగరు వేసేది. మనుషుల్నీ బస్తాల్నీ చేరవేసేవి పెద్ద పడవలు. వాటికి మేకు ఉండేది కాదు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ ఈ కెరటానికి పగులుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. రెండో ప్రపంచయుద్ధందాకా గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులనించి మన జనం ఇలాగే బర్మా వెళ్ళారు. వరి కోతలకీ, మిల్లుల్లోకీ, రేవుకూలికీ, గుమాస్తా పనులకీ. 1931 లెక్కల్లో రంగూను జనాభాలో సగానికి పైగా భారతదేశం వాళ్ళే. మనవాళ్ళని అక్కడ 'కొరంగీ'లనేవారు, గోదావరి మొగలోని కోరంగి రేవు పేరుమీద. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. ఆ తరవాతి నెలల్లో లక్షలమంది అడవులూ కొండలూ పట్టి నడిచి ఇండియా చేరారు. వేలమంది దారిలోనే పోయారు. స్టీమర్లు ఆగిపోయాయి. ఆ రేవు మళ్ళీ లేవలేదు. 1980లలో ఊరికి ఉత్తరాన వేరే కొత్త రేవు కట్టారు. రాత్రిపూట మా వరండాలోంచి కనిపించే దీపాలు ఆ రేవుకి వచ్చే ఓడలవే.

మా అమ్మ రాతి స్తంభం మీద కూచుని చెప్పింది. వాళ్ళ నాన్నగారి అన్న ఈ రేవులోనే పడవ ఎక్కాడట. రంగూనులో బియ్యం మిల్లులో గుమాస్తా. పెళ్ళి కాలేదు. నెలనెలా మనియార్డరు, మూణ్ణెల్లకో ఉత్తరం. బాంబులు పడ్డాక ఏమీ లేవు. నడిచి వచ్చినవాళ్ళెవరైనా ఇచ్ఛాపురం చేరారని తెలిస్తే మా అమ్మ నాయనమ్మ పరిగెత్తుకు వెళ్ళి, మా వాడు కనిపించాడా అని అడిగేదట. ఒకతను చిట్టగాంగు దారిలో చూశానన్నాడు, ఇంకొకతను మిల్లు దగ్గరే పోయాడన్నాడు. ఆవిడ మొదటివాడి మాటే పట్టుకుంది. కొడుకు పోయాడని ఒప్పుకోలేదు. బతికున్నన్నాళ్ళూ కర్మ చెయ్యనివ్వలేదు. ఆవిడ పోయాక చెయ్యాలన్న ధ్యాస ఎవరికీ లేదు. మా అమ్మ పుట్టింది 1947లో. ఆ పెదనాన్నని ఆవిడ చూడను కూడా లేదు.

చెప్పడం అయ్యాక కొంగుముడి విప్పింది. అందులో నువ్వులు. వత్తుల డబ్బాలో పెట్టుకుని ఇంటినించి తెచ్చుకుంది!

"మంత్రాలు అక్కర్లేదురా. పేరు చెప్పి మూడు దోసిళ్ళు వదులు. నీకు తప్పులేదు, నువ్వు దౌహిత్రుడి వరసే."

పేరు నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం వేళ చెయ్యొచ్చా, దక్షిణం ఎటు, జందెం ఎటు, ఇవన్నీ అడగాలని ఉన్నా అడగలేదు. పంట్లాం మోకాళ్ళదాకా మడిచాను. ముసలాయన నా జబ్బ పట్టుకున్నాడు. ఆ పట్టు తరవాత రెండురోజులు నాకు తెలిసింది. "నాను సెప్పినప్పుడు వొంగు బాబూ, కెరటం పోనీ" అన్నాడు. ఆయన చెప్పినప్పుడు వంగాను. మూడోసారి వదిలేటప్పుడు కెరటం నా నడుందాకా వచ్చి, నువ్వులతోపాటు చేతిలో ఉన్నవన్నీ తుడిచి తీసుకుపోయింది. మా ఆవిడ ఒడ్డున అమ్మాయిని పొదివి పట్టుకుని నించుంది. అమ్మ ఏడవలేదు. "అటే కదా వెళ్ళాడు" అంది. మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేసి, దారిలో బఠాణీలు కొనిపెట్టమంది.

ఆ రాత్రి వరండాలో మావుసీ 2013 తుపాను సంగతి చెప్పింది. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ సరిగ్గా ఈ ఊరి దగ్గరే ఒడ్డు దాటింది. గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి. ముందే చాటింపు వేసి ఒడిశాలోనూ ఆంధ్రలోనూ కలిపి సుమారు పది లక్షలమందిని ఖాళీ చేయించారు కనక ప్రాణాలు దక్కాయి. తెల్లారి వచ్చి చూస్తే పెంకుల్లేవు, సరుగుడు తోట లేదు, వరండాలో ఎవరిదో పడవ ముక్క ఉంది. ముసలాయన అల్లుడిది ఉత్తరాన పోడంపేట. ఆ ఊరిని ఏ తుపానూ ఒక్కరాత్రిలో తీసుకుపోలేదు, సముద్రమే ఏటికేడాది కొరుక్కుతిని, చివరికి జనం లోపలికి తరలిపోయారు. "ఊరు ఎలిపోనాది, పేరు ఉండిపోనాది" అన్నాడాయన మర్నాడు, వల మీంచి తలెత్తకుండా.

మిగిలిన మూడురోజులూ చెప్పుకోదగ్గ విశేషం ఒక్కటీ లేదు. తిన్నాము, పడుకున్నాము, లేచి సముద్రం చూశాము. మా అమ్మకి రాత్రుళ్ళు నిద్రపట్టదని విశాఖపట్నంలో మూడు రకాల మాత్రలు వాడాము. ఆ మూడురాత్రులూ నేను లేపేదాకా లేవలేదు.

వెళ్ళదలచినవాళ్ళకి రెండు మాటలు. ముసలివాళ్ళుంటే కిందిగది అడగండి, పాత బంగళాల మెట్లు నిటారుగా ఉంటాయి. దోమతెర తీసుకెళ్ళండి. పొద్దున్న ఒడ్డుకి వెళ్ళినప్పుడు నోళియాలు ఎక్కడ వద్దంటే అక్కడ ఆగండి, వాళ్ళతో వాదించకండి. తిరుగుప్రయాణంలో బరంపురంలో రెండుగంటలు మిగుల్చుకోండి, అక్కడి ఊరగాయలూ అప్పడాలూ కొనకుండా వస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు. మా ఆవిడ కట్టలకొద్దీ అప్పడాలు కొంది. అవి విశాఖపట్నంలో కరకరలాడుతున్నాయి.

ఇంకొక సంగతి. బయల్దేరేరోజు మావుసీతో మా అమ్మ గడగడా ఒడియా మాట్లాడింది. సరిహద్దు పల్లెలో పుట్టిన మనిషి, వచ్చి ఉండడంలో వింత లేదు. యాభై ఏళ్ళలో మా నాన్నగాని నేనుగాని ఆవిడ నోట ఆ భాష వినకపోవడమే వింత. ఇద్దరూ ఫోను నంబర్లు రాయించుకున్నారు. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, తలుపు దగ్గరగా వేసుకుని అరగంటసేపు మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటారో మాలో ఒక్కరికీ అర్థం కాదు. మధ్యమధ్య నవ్వు మాత్రం వినిపిస్తుంది.